చూపు మళ్ళనివ్వకండి, మొహమాటపడకండి: యూరప్ నగరాల్లో జేబుదొంగల నుంచి, మోసాల నుంచి జాగ్రత్త

2013 ఏప్రిల్‌లో ఒక రోజు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం తలుపులు తెరుచుకోలేదు. లోపల తిరిగే జేబుదొంగల ముఠాల ఆగడాలు భరించలేక అక్కడి సిబ్బందే విధులు మానేశారు. రెండేళ్ళ తర్వాత, 2015 మే నెలలో, ఈఫిల్ టవర్ సిబ్బంది కూడా అదే కారణంతో కొన్ని గంటలపాటు పని ఆపేశారు. రోజూ అక్కడే ఉంటూ ఆ దొంగల ముఖాలు గుర్తుపట్టగలిగిన వాళ్ళకే అంత విసుగు పుట్టిందంటే, మొదటిసారి అక్కడ అడుగుపెట్టే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించుకోవచ్చు.

భయపడి ప్రయాణం మానుకోవలసిన పని మాత్రం లేదు. ఈ నగరాల్లో యాత్రికులకు ఎదురయ్యేది ఎక్కువగా చేతివాటం, మాటల గారడీ. ఆ రెండింటికీ మన సహకారం కావాలి. జేబుదొంగకు మన చూపు ఒక్క క్షణం పక్కకు మళ్ళాలి. మోసగాడికి మన మొహమాటం కావాలి. ఎదుటి మనిషి పలకరిస్తే బదులివ్వకపోవడం తప్పు అని పెరిగిన వాళ్ళం కదా, ఆ మంచి గుణాన్నే వాళ్ళు వాడుకుంటారు. ఈ రెండు తలుపులూ ఎలా మూసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరకు వెళ్ళే అమ్మానాన్నలు, ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకుని పది రోజుల యాత్రకు బయల్దేరే కుటుంబాలు నా మనసులో ఉన్నారు.

మొదటి అడుగు: బయల్దేరక ముందు, ఇంట్లోనే

మన కుటుంబ ప్రయాణాల్లో ఒక అలవాటు ఉంది. అందరి పాస్‌పోర్టులు, డబ్బు, కార్డులు అన్నీ ఒకే చేతిసంచిలో పెట్టి, ఆ సంచిని ఇంటి పెద్దకో, అందరికన్నా జాగ్రత్తపరులు అనుకున్నవారికో అప్పగిస్తాం. ఆ సంచి పోతే కుటుంబం మొత్తం ఒక్కసారిగా చేతులు ముడుచుకుని రోడ్డు మీద నిలబడాలి. అందుకే ముందు చేయవలసిన పని పంచడం. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉండాలి. రెండు కార్డులుంటే ఒకటి ఒకరి దగ్గర, రెండోది మరొకరి దగ్గర. నగదు మూడు చోట్ల.

పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా పేజీ రెండేసి నకళ్ళు తీయండి. ఒక నకలు పెద్ద పెట్టెలో, ఒకటి ఒంటి మీద. వాటి ఫోటోలు మీ ఈమెయిల్‌కు పంపుకోండి. ఊళ్ళో ఉన్న నమ్మకమైన మనిషికి కూడా పంపండి. నాలుగు పాస్‌పోర్టు సైజు ఫోటోలు వెంట పెట్టుకోండి. పాస్‌పోర్టు పోయిన రోజున ఈ నాలుగు ఫోటోలు మీకు సగం రోజు మిగులుస్తాయి.

బంగారం ఇంట్లోనే ఉంచండి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని వారు పసుపుతాడుకు సూత్రాలు కట్టుకుని, బరువైన గొలుసును లాకరులో పెట్టి వెళ్ళవచ్చు.

కార్డుల విషయం కాస్త వివరంగా చెప్పాలి. మనకు ఇక్కడ ఆన్‌లైన్‌లో ఏది కొన్నా ఓటీపీ అడగడం అలవాటు. విదేశాల్లో చాలా చోట్ల అది అడగరు. కార్డు మిషను మీద ఆనించగానే చిన్న మొత్తాలు పిన్ లేకుండానే వెళ్ళిపోతాయి. అంటే పోయిన కార్డుతో దొంగ వెంటనే కొనుగోళ్ళు మొదలుపెట్టగలడు. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల, విదేశీ లావాదేవీలను, ఆనించి చెల్లించే సదుపాయాన్ని మీరే ఆపుకోవచ్చు, తెరుచుకోవచ్చు, రోజువారీ పరిమితి పెట్టుకోవచ్చు. బ్యాంకు యాప్‌లో ఆ మీట ఎక్కడుందో బయల్దేరకముందే చూసి, ఒకసారి నొక్కి, మళ్ళీ తెరిచి సాధన చేయండి. పరిమితిని మీ ఒక రోజు ఖర్చుకు సరిపడా మాత్రమే పెట్టండి. జీతం పడే ఖాతా డెబిట్ కార్డును ఇంట్లో వదిలి, ముందుగా కొంత విదేశీ డబ్బు నింపుకుని వాడే ఫారెక్స్ కార్డు తీసుకెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. పోయినా అందులో ఉన్నంతే పోతుంది.

బ్యాంకుల 1800 నంబర్లు విదేశాల నుంచి చాలాసార్లు కలవవు. కార్డు ఆపించడానికి ప్లస్ 91తో మొదలయ్యే నంబరు ఏదో కనుక్కుని కాగితం మీద రాసుకోండి. ఫోనులో మాత్రమే దాచుకుంటే, ఫోను పోయిన రోజున ఆ నంబరూ దాంతో పాటే పోతుంది.

ఇప్పుడు ఫోను. పర్సు పోవడం కన్నా ఇది పెద్ద నష్టం. మన బ్యాంకు, మన యూపీఐ, మన ఓటీపీలు అన్నీ ఆ భారతీయ సిమ్ము మీదే నడుస్తాయి. దొంగ ఫోను తెరవలేకపోయినా, సిమ్ము తీసి మరో ఫోనులో వేస్తే ఓటీపీలు అతనికి వస్తాయి. దీనికి మందు సిమ్ముకు పిన్ పెట్టడం. ఫోను సెట్టింగులలో ‘సిమ్ లాక్’ అని ఉంటుంది. కంపెనీ ముందుగా ఇచ్చిన పిన్ ఏమిటో కనుక్కున్నాకే దీన్ని పెట్టండి, ఎందుకంటే మూడుసార్లు తప్పు కొడితే సిమ్ము బిగుసుకుపోతుంది. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, భారతీయ సిమ్ము ఉన్న పాత ఫోనును హోటల్ గదిలో లాకరులో ఉంచి, బయట తిరిగే ఫోనులో అక్కడి సిమ్ము వేసుకోవడం. ఐఫోనులో ‘స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్’, ఆండ్రాయిడ్‌లో ‘థెఫ్ట్ డిటెక్షన్ లాక్’ అనే సదుపాయాలు 2024 నుంచి ఉన్నాయి. అవి తెరిచి పెట్టండి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబరును (మీ ఫోను గుర్తింపు సంఖ్య) కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

రెండో అడుగు: ఏది ఎక్కడ పెట్టుకోవాలి

మన అమ్మమ్మలు సంతకు వెళ్తే డబ్బు రొంటిన దోపుకునేవారు. అంతకు మించిన భద్రత ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. పాస్‌పోర్టు, పెద్ద నోట్లు, రెండో కార్డు ఒంటికి ఆనుకుని, బట్టల లోపల ఉండాలి. నడుముకు కట్టుకునే పలుచని సంచులు దొరుకుతాయి. లేదా లోపలి బనియనుకు ఒక జేబు కుట్టించుకోండి. దీన్ని నలుగురిలో తీయకూడదు. ఆ రోజు ఖర్చుకు కావలసిన 40, 50 యూరోలు మాత్రం వేరే చిన్న పర్సులో ఉంచుకుంటే, లోపలి సంచి జోలికి వెళ్ళే అవసరమే రాదు.

ప్యాంటు వెనక జేబులో ఏదీ పెట్టకండి. వీపు సంచిని మెట్రోలో, క్యూలో ముందుకు వేసుకోండి. జిప్పు ఉన్న భుజం సంచి అయితే పట్టీ అడ్డంగా వేసుకుని, సంచి పొట్ట మీదకు వచ్చేలా చూసుకోండి. ఇక మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండే పిన్నీసు ఇక్కడ ఆయుధం. జిప్పు కొక్కేన్ని సంచి గుడ్డకు పిన్నీసుతో గుచ్చితే, దాన్ని తీయడానికి దొంగకు రెండు చేతులూ, అర నిమిషమూ కావాలి. అంత సమయం అతనికి ఉండదు. వెంటనే పక్క సంచి వెతుక్కుంటాడు.

ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల్లో పోలీసులు అడిగితే విదేశీయులు గుర్తింపు పత్రం చూపించాలి. అందుకని అసలు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలా, గదిలో పెట్టాలా అనే సందేహం అందరికీ వస్తుంది. ఊరు మారే రోజున అది తప్పనిసరిగా ఒంటి మీద, లోపలి సంచిలో ఉండాలి. మిగతా రోజుల్లో మీకు ఆ లోపలి సంచి అలవాటైతే వెంట ఉంచుకోండి, లేకపోతే గది లాకరులో పెట్టి నకలుతో తిరగండి.

మూడో అడుగు: దిగిన రోజు

రాత్రంతా నిద్ర లేని కళ్ళు, చేతిలో పెద్ద పెట్టెలు, తెలియని భాష. యాత్ర మొత్తంలో మనం అతి బలహీనంగా ఉండేది ఆ మొదటి రెండు గంటలే. విమానాశ్రయం లోపలికి వచ్చి ‘టాక్సీ, టాక్సీ’ అని చెవిలో చెప్పేవారి వెంట వెళ్ళకండి. పారిస్, రోమ్ విమానాశ్రయాల నుంచి నగరం మధ్యకు అధికారిక టాక్సీలకు నిర్ణీత ధర ఉంది, ఆ ధర బోర్డు మీద రాసి ఉంటుంది. బయట టాక్సీల వరుసలో నిలబడి, ఎక్కే ముందే ఆ ధర ఒప్పుకున్నారా అని అడగండి.

స్టేషన్లలో టికెట్ మిషను దగ్గర సాయం చేస్తానంటూ ఒకరు వస్తారు. మీ కార్డు పనిచేయడం లేదని చెప్పి, తన కార్డుతో టికెట్లు తీసి, మీ దగ్గర నగదు తీసుకుంటారు. చేతికి వచ్చేది తరచుగా పిల్లల టికెటో, ఒక్క ప్రయాణపు టికెటో అయి ఉంటుంది. తీసుకున్న డబ్బు మాత్రం వారం పాసుకు సరిపడా. మెడలో కార్డు ఉన్నంత మాత్రాన ఉద్యోగి అని అనుకోకండి. కౌంటరుకు వెళ్ళండి.

రైలు ఎక్కాక పెద్ద పెట్టెలు తలుపు దగ్గరి అరలో పెడితే, రైలు ఆగిన ప్రతిసారీ వాటి మీద కన్ను వేయాలి. దొంగలు రైలు కదిలే ముందు క్షణంలో పెట్టె తీసుకుని దిగిపోతారు. బార్సిలోనా సాంట్స్ స్టేషన్‌లో కూర్చుని ఎదురుచూసేటప్పుడు పెట్టె పట్టీలో కాలు దూర్చి కూర్చోండి.

నాలుగో అడుగు: మెట్రోలో, బస్సులో

పారిస్ మెట్రో 1వ లైను, విమానాశ్రయం నుంచి వచ్చే ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైలు లైను, రోమ్‌లో తెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64వ నంబరు బస్సు, బార్సిలోనాలో రాంబ్లా అనే పెద్ద వీధి కింద నడిచే ఎల్3 మెట్రో లైను, ప్రాగ్‌లో 22వ నంబరు ట్రాము. ఇవన్నీ యాత్రికులు తప్పక ఎక్కేవి. కాబట్టి దొంగలూ అక్కడే ఉంటారు.

జేబుదొంగ ఒంటరిగా పనిచేయడం తక్కువ. సాధారణంగా ముగ్గురో నలుగురో ఉంటారు. ఒకరు మీ దారికి అడ్డుపడతారు. ఎస్కలేటరు చివర ఏదో వస్తువు కింద పడేసి వంగుతారు, లేదా రైలు తలుపులో ఆగిపోయి, దిగాలా వద్దా అన్నట్టు తటపటాయిస్తారు. వెనకవాళ్ళు మీ మీదకు వచ్చి పడతారు. ఆ తోపులాటలో మీ ఒంటికి తగిలే ఇరవై స్పర్శల్లో జేబులోకి వెళ్ళేది ఒకటి మాత్రమే, దాన్ని మీరు గుర్తించలేరు. తీసిన వస్తువు చేతికి రాగానే మూడో మనిషికి వెళ్ళిపోతుంది. అందుకే మీరు ఎవరినో పట్టుకున్నా అతని దగ్గర ఏమీ దొరకదు. వాళ్ళు మాసిన బట్టలతో ఉంటారనుకోకండి. చక్కగా ముస్తాబైన అమ్మాయిలు, చేతిలో మ్యాపు పట్టుకున్న యాత్రికుల్లాంటి వాళ్ళు, బడి పిల్లల వయసు వాళ్ళు కూడా ఉంటారు. మ్యాపు, కోటు, కండువా చేతి మీద వేలాడుతున్నాయంటే, దాని కింద ఉన్న చెయ్యి మనకు కనబడకుండా ఉండటానికే కావచ్చు.

చేయవలసింది ఇది. రైలు రాగానే దూకకండి. నిండిన రైలుపెట్టె అయితే వదిలేయండి, మరో రెండు మూడు నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. ఎక్కాక తలుపు పక్కన నిలబడకండి. తలుపులు మూసుకునే క్షణంలో ఫోను లాక్కుని దిగిపోవడం బాగా జరుగుతుంది. మధ్యలోకి వెళ్ళి, గోడకు వీపు ఆనించి, సంచి మీద చెయ్యి వేసి నిలబడండి. ‘జేబుదొంగలున్నారు జాగ్రత్త’ అనే బోర్డు కనిపించగానే పర్సు ఉందా లేదా అని జేబు తడుముకోకండి. అలా తడుముకుని మీ పర్సు ఎక్కడుందో మీరే చూపిస్తారు.

రోమ్‌లో మెట్రో ఎక్కుతుండగా మా అమ్మ సంచిలోకి ఒక చెయ్యి వెళ్ళింది. ఆమెకు ఇటాలియన్ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ‘చెయ్యి తియ్యి!’ అని తెలుగులోనే గట్టిగా అరిచింది. రైలుపెట్టెలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. ఆ ముగ్గురూ మరుక్షణం దిగిపోయారు. మాట అర్థం కావలసిన అవసరం లేదు, పదిమంది చూపు అటు తిరిగితే చాలు. వెనిస్‌లో ‘చిత్తదీని నోన్ దిస్త్రాత్తి’ అనే పౌరుల బృందం ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తోంది. దొంగలు కనబడగానే ‘అత్తెన్సియోనె, పిక్‌పాకెట్!’ అని గొంతెత్తి యాత్రికులను హెచ్చరిస్తారు. 2023లో వాళ్ళ వీడియోలు ప్రపంచమంతా చూసింది. ఆ బృందం పేరుకు అర్థం ‘ఏమరుపాటు లేని పౌరులు’.

లండన్‌లో తీరు కాస్త వేరు. అక్కడ సైకిళ్ళ మీద, మోటారు సైకిళ్ళ మీద వచ్చి చేతిలోని ఫోను లాక్కుపోతారు. దారి చూసుకోవాలంటే రోడ్డు అంచున నిలబడకుండా, ఏదైనా దుకాణం గోడ వైపు తిరిగి చూసుకోండి.

ఐదో అడుగు: చూడదగిన చోట్ల, పలకరించే మనుషులు

పారిస్‌లో సాక్రె కర్ చర్చికి వెళ్ళే మెట్ల కింద కొందరు రంగు దారాలతో నిలబడతారు. నవ్వుతూ చెయ్యి అందుకుంటారు, వేలి చుట్టూ దారం తిప్పుతారు, క్షణంలో మణికట్టుకు ముడి వేసేస్తారు. తర్వాత పది, ఇరవై యూరోలు అడుగుతారు. ముడి విప్పలేరు, చుట్టూ నలుగురు చేరతారు. దీనికి విరుగుడు చేతులు జేబుల్లో పెట్టుకుని, నడక ఆపకుండా వెళ్ళిపోవడం. ఇంకా తేలిక కావాలంటే పక్కనే ఉన్న ఫ్యునిక్యులర్ (కొండ ఎక్కించే చిన్న రైలు) ఎక్కండి.

ఈఫిల్ టవర్ చుట్టూ, లూవ్ర్ ముందు అట్ట మీద కాగితం పెట్టుకుని అమ్మాయిలు వస్తారు. ఇంగ్లీషు వచ్చా అని అడిగి, మూగవారి కోసం సంతకం చేయమంటారు. మీరు సంతకం చేస్తుంటే ఆ అట్ట మీ సంచిని కప్పేస్తుంది, చందా కూడా అడుగుతారు. సేన్ నది ఒడ్డున ఒకరు వంగి ఇత్తడి ఉంగరం తీసి, ‘ఇది మీదేనా, బంగారం’ అంటారు. చివరికి మీకే అమ్ముతారు. రోమ్‌లో చేతిలో గులాబీ పెట్టి బహుమతి అంటారు, కొలోసియం దగ్గర గ్లాడియేటర్ వేషం వేసినవాళ్ళు మీతో ఫోటో దిగి డబ్బు అడుగుతారు. బార్సిలోనాలో మీ చొక్కా మీద ఏదో మరక పడుతుంది, ఒక పెద్దమనిషి పక్షి రెట్ట అంటూ తుడవడానికి వస్తాడు. ఆ తుడిచే చేతులకు తోడుగా, మీ జేబు కోసం ఇంకో జత చేతులు ఉంటాయి. మూడు డిప్పల కింద బంతి ఎక్కడుందో చెప్పే పందెం అయితే, చుట్టూ గెలుస్తూ కనిపించేవాళ్ళంతా ఆ ముఠావాళ్ళే. నిలబడి చూడటం కూడా వద్దు, చూసేవాళ్ళ జేబుల కోసమూ ఒక మనిషి ఉంటాడు.

రూపాలు ఎన్నయినా మూలం ఒక్కటే. మిమ్మల్ని ఆపాలి, చేతిలో ఏదో పెట్టాలి, రుణపడ్డట్టు అనిపించాలి. అందుకే నేను ఒకే నియమం పెట్టుకున్నాను. యాత్రాస్థలంలో తనంతట తానుగా వచ్చి పలకరించిన అపరిచితుడికి జవాబు చెప్పను. ‘నో’ అనడం కూడా సంభాషణ మొదలైనట్టే. తల అడ్డంగా ఊపి, కళ్ళు కలపకుండా ముందుకు నడుస్తాను. మన పెద్దవాళ్ళకు ఇది చాలా కష్టం, మర్యాద తప్పినట్టు బాధపడతారు. ప్రయాణానికి ముందు ఇంట్లో రెండుసార్లు ఆటలా సాధన చేయించండి. దారి అడగాలంటే మీరే వెళ్ళి అడగండి, దుకాణంలోనో హోటల్లోనో పనిచేసేవారిని ఎంచుకుని. మీరు ఎంచుకున్న మనిషి వేరు, మిమ్మల్ని ఎంచుకున్న మనిషి వేరు.

ఆరో అడుగు: డబ్బు మార్చుకునే చోట

ఏటీఎం అయితే బ్యాంకు గోడకు ఉన్నదే వాడండి. దుకాణాల మధ్య ఒంటరిగా నిలిపిన వాటిలో రుసుము ఎక్కువ. తెర మీద ‘రూపాయల్లో లెక్కకట్టమంటారా’ అని అడిగితే వద్దని చెప్పి, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలు అనగానే మనకు ధైర్యంగా ఉంటుంది గానీ, ఆ మారకపు రేటులో గట్టి కోత ఉంటుంది. దుకాణాల కార్డు మిషన్లలోనూ ఇదే ప్రశ్న వస్తుంది, జవాబూ ఇదే.

ప్రాగ్‌లో నోట్లు మార్చుకునేటప్పుడు ‘కమీషన్ సున్నా’ అనే బోర్డు చూసి లోపలికి వెళ్ళకండి, కోత అంతా రేటులోనే దాచి ఉంటుంది. చేతికి ఎన్ని కొరునాలు (చెక్ దేశపు డబ్బు) వస్తాయో ముందే రాసి చూపించమనండి. మోసపోయామనిపిస్తే ఒక మంచి మార్గం ఉంది. 2019లో వచ్చిన చెక్ చట్ట సవరణ ప్రకారం, 1000 యూరోల లోపు మార్పిడిని 3 గంటల లోపు రద్దు చేసుకోవచ్చు. రసీదు పట్టుకుని అదే దుకాణానికి తిరిగి వెళ్ళాలి. రోడ్డు మీద మనిషి దగ్గర మాత్రం ఎప్పుడూ మార్చుకోవద్దు. చెల్లని పాత నోట్లో, వేరే దేశపు చవక నోట్లో అంటగడతారు.

ఏడో అడుగు: ‘మేము పోలీసులం’ అన్నప్పుడు

సాధారణ దుస్తుల్లో ఇద్దరు వచ్చి, కార్డు మెరిపించి, దొంగ నోట్ల తనిఖీ అంటూ పర్సు చూపించమంటారు. నోట్లు లెక్కపెట్టి తిరిగి ఇస్తారు, కొన్ని తగ్గి ఉంటాయి. వీధిలో మీ నోట్లు లెక్కపెట్టడం నిజమైన పోలీసుల పని కాదు. పర్సు తీయకండి. ‘పోలీసు స్టేషనుకు వెళ్దాం, అక్కడ చూపిస్తాం’ అనండి, లేదా అత్యవసర నంబరు 112కు ఫోను చేస్తున్నానని చెప్పి నొక్కడం మొదలుపెట్టండి. నకిలీవాళ్ళు అక్కడ నిలబడరు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలోనూ 112 ఉచితంగా పనిచేస్తుంది, బ్రిటన్‌లో 999తో పాటు ఇదీ పనిచేస్తుంది.

ఎనిమిదో అడుగు: కూర్చున్నప్పుడు

కాఫీ దుకాణంలో బల్ల మీద ఫోను పెట్టకండి. ఎవరో వచ్చి దాని మీద కాగితం పరిచి చందా అడుగుతారు, కాగితంతో పాటు ఫోనూ వెళ్తుంది. సంచిని కుర్చీ వెనక తగిలించవద్దు, ఒడిలో పెట్టుకోండి. హోటల్లో ఉదయం ఫలహారం తెచ్చుకోవడానికి లేచేటప్పుడు కుర్చీలో సంచి వదిలే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. హోటల్ లోపలే కదా అని నమ్మకం. అక్కడికీ దొంగలు వస్తారు. ఒకరు లేస్తే ఒకరు కూర్చోవాలి.

పోయింది అని తెలిసిన వెంటనే

మొదటి పది నిమిషాలు వెతకడానికి కాదు, ఆపడానికి. కుటుంబంలో మరొకరి ఫోను తీసుకుని కార్డులు యాప్‌లో ఆపండి, లేదా కాగితం మీది నంబరుకు ఫోను చేయండి. ఫోను పోతే సిమ్ము కంపెనీకి చెప్పి సిమ్ము ఆపించండి, యూపీఐ ఉన్న బ్యాంకుకు చెప్పండి, ఫోనును దూరం నుంచే తాళం వేయండి. ‘మీ ఫోను దొరికింది, ఇక్కడ నొక్కండి’ అని తర్వాత వచ్చే సందేశాలు దొంగలు పంపేవే, వాటిలో మీ పాస్‌వర్డు ఇవ్వకండి.

ఆ తర్వాత చుట్టుపక్కల చెత్తబుట్టలు చూడండి. నగదు తీసుకుని పర్సును, పాస్‌పోర్టును పడేసి వెళ్ళడం తరచుగా జరుగుతుంది. దొంగ కనిపించినా వెంటపడకండి.

పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. బార్సిలోనాలో ‘మోసోస్’ అనే కాటలోనియా పోలీసుల దగ్గర, ఇటలీలో కారబినియేరి దగ్గర గానీ పోలిత్సియా దగ్గర గానీ, ఫ్రాన్స్‌లో ‘కొమిసారియా’ అనే పోలీసు స్టేషనులో ఇవ్వాలి. మీ వస్తువు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి. స్పెయిన్‌లో 400 యూరోల లోపు దొంగతనం చిన్న నేరం కిందికే వస్తుంది, మళ్ళీ మళ్ళీ చేసేవారికి శిక్ష పెంచుతూ 2022లో చట్టం మార్చారు. అయినా ఆ ఫిర్యాదు నకలు లేకుండా బీమా రాదు, పాస్‌పోర్టు పని జరగదు. చాలా పాలసీలు 24 గంటల లోపు ఫిర్యాదు అడుగుతాయి. చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు తప్పనిసరి అయిన 30,000 యూరోల బీమా వైద్యానికి సంబంధించినది. అందులో సామాను దొంగతనం కలిసి ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి.

పాస్‌పోర్టు పోతే ఫిర్యాదు నకలు, పాత పాస్‌పోర్టు నకలు, ఫోటోలు, తిరుగు టికెట్టు తీసుకుని భారత రాయబార కార్యాలయానికి గానీ కాన్సులేట్‌కు గానీ వెళ్ళండి. ఇటలీలో రోమ్, మిలాన్, జర్మనీలో బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్ నగరాల్లో ఉన్నాయి. యాత్రికులకు వేగంగా ఇచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్. దానితో భారతదేశానికి ఒక్కసారి తిరిగి రావచ్చు, అంతే. అక్కడే చదువుకునే పిల్లలు, ఉద్యోగులు దీనికి బదులు కొత్త పాస్‌పోర్టుకే దరఖాస్తు చేయాలి. ఒకసారి పోయిందని నమోదైన పాస్‌పోర్టు రద్దవుతుంది. మర్నాడు హోటల్ వాళ్ళకు దొరికి మీ చేతికి వచ్చినా దానితో ప్రయాణం చేయకూడదు. ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో వచ్చేవారు తిరుగు ప్రయాణంలో లండన్‌లోనో మరెక్కడో రెండు రోజులు ఆగాలని టికెట్టు తీసుకుని ఉంటే, దాన్ని నేరుగా ఇంటికి చేరే టికెట్టుగా మార్పించుకోవాలి.